పాలెం మురుగునీటిని పైపు వేసి సముద్రంలోకి వదలవచ్చా? నెల్లూరు తీరం నుంచి ఒక ప్రశ్న

ప్రశ్న: వార్డు సభ్యుడు, నెల్లూరు జిల్లా

అందరికీ నమస్కారం. బకింగ్‌హాం కాలువకు, సముద్రానికి మధ్య ఇసుక దిబ్బల మీద ఉన్న ఒక మత్స్యకారుల పాలెంలో నేను వార్డు సభ్యుడిని. మాది సుమారు 600 గడపల ఊరు, జనాభా 2,400. ఇంటింటికీ మరుగుదొడ్లు వచ్చాయి, ఆ తరువాత ఇంటింటికీ కుళాయిలు వచ్చాయి. రెండూ మా ఆడవాళ్లు ఏళ్ల తరబడి అడిగి సాధించుకున్నవే. అయితే ఇంటిలోకి వచ్చిన నీరు ఇంటి నుంచి బయటకు వెళ్లడానికి దారి ఏమిటన్నది అప్పుడు ఎవరూ ఆలోచించలేదు.

ప్రస్తుతం వంట నీరు, స్నానాల నీరు, చేపలు కడిగిన నీరు సైడు కాలువల్లో పారి, ఊరి చివర సరుగుడు తోట పక్కన పల్లంలో మడుగు కడుతున్నాయి. మరుగుదొడ్లకు అందరం సిమెంటు వరలు దించుకున్నాం. ఇసుక నేల కాబట్టి నీరు తగిలేదాకా తవ్వి, దాని మీద వరలు పేర్చి, అడుగున ఏమీ వేయకుండా వదిలేశాం. నిండినప్పుడు ట్యాంకరు వచ్చి తోడుకుపోతుంది, అది ఎక్కడ పారబోస్తుందో మాకు తెలియనిది కాదు; తెల్లవారేసరికి కాలువ గట్టున ఆ వాసనే చెబుతుంది. మా పెద్దలు తాగిన దొరువుల (ఇసుకలో తవ్విన మంచినీటి గుంటల) నీరు ఇప్పుడు పసుపు పచ్చగా మారి, కూరగాయల మడులకు పోయడానికి కూడా మనసొప్పడం లేదు.

ఈ పరిస్థితుల్లో ఒక గుత్తేదారు పంచాయతీకి ఒక ప్రతిపాదన తెచ్చారు. కాలువలన్నింటినీ ఒక చోట కలిపి, అక్కడి నుంచి పెద్ద పైపు వేసి, ఇసుక కింద నుంచి అలల్లోకి వదిలేస్తే సమస్య తీరిపోతుందని ఆయన అంటున్నారు. ఊరిలో చాలామందికి ఈ మాట నచ్చింది. ఎంత మురికినైనా గంగమ్మ కడిగేస్తుందని మా పెద్దలు నమ్ముతారు. నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు, కానీ సభలో లేచి కాదనడానికి కారణాలు చెప్పగలిగేంత చదువు లేదు. తెలిసినవారు దయచేసి వివరించండి: ఈ పైపు వేయవచ్చా? వేయకూడదంటే మా స్థోమతలో మరొక దారి ఏదైనా ఉందా?

జవాబు 1: విశ్రాంత ప్రజారోగ్య ఇంజినీరు, ఒంగోలు

వార్డు సభ్యుడు గారికి నమస్కారం. మీ మనసు చెప్పిన మాట సరైనది. పైపు వేయకూడదు. దానికి కారణాలను వరుసగా కాక, మీ పెద్దలకు అనుభవంలో ఉన్న విషయం నుంచే మొదలుపెడతాను.

ఒడ్డున నిలబడి ఒక కొబ్బరి బోండాన్ని అలల్లోకి విసిరితే అది నేరుగా లోపలికి వెళ్లదు, ఒడ్డు వెంబడే పక్కకు జరుగుతూ ఎక్కడో మళ్లీ ఇసుక మీదికి వస్తుంది. అలలు విరిగే ఆ సన్నని పట్టీలో నీరు అంతే, లోసముద్రానికి పోవడం తక్కువ, ఒడ్డు వెంట పక్కకు నడవడం ఎక్కువ. నైరుతి గాలుల కాలంలో ఆ నడక ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాల నెలల్లో దక్షిణానికి ఉంటుంది. కాబట్టి మీ పైపు నుంచి వెళ్లినది కొన్ని నెలలు మీకు ఉత్తరాన ఉన్న పాలెం ఒడ్డుకు, మరికొన్ని నెలలు దక్షిణాన ఉన్న పాలెం ఒడ్డుకు చేరుతుంది. వాళ్లూ ఇలాగే పైపు వేస్తే వాళ్లది మీ ఒడ్డుకు వస్తుంది. ఇంకొక సంగతి కూడా ఉంది: ఇదే నీరు ఇసుకను కూడా మోస్తుంది కదా, ఏటి మొగలు (ఏరు సముద్రంలో కలిసే చోట్లు) ఏటేటా ఎలా పూడిపోతాయో మీకు నేను చెప్పనక్కరలేదు. మొగనే మూసివేయగల ఇసుక మేట పైపు మూతిని ఎన్ని రోజులు తెరిచి ఉంచుతుంది?

సముద్రం కడిగేస్తుందన్న మాటలో కొంత నిజం ఉంది. ఎండ, ఉప్పు కలిసి మలంలోని క్రిములను చంపుతాయి. కానీ లెక్క చూడండి. స్నానానికి, చేపల వేటకు వాడే తీర జలాల్లో 100 మిల్లీలీటర్ల నీటికి మల సంబంధ కోలిఫాం క్రిములు 100కు మించకూడదని మన దేశ ప్రమాణం. శుద్ధి చేయని మురుగులో అదే 100 మిల్లీలీటర్లలో అవి పది లక్షల నుంచి కోటి వరకు ఉంటాయి. అంటే ఒక బిందె మురుగును ప్రమాణానికి దించాలంటే కనీసం పది వేల బిందెల శుభ్రమైన సముద్రపు నీరు వెంటనే కలవాలి. ఒడ్డున మోకాటి లోతు నీటిలో ఆ కలయిక జరగదు. పైగా వైరస్‌లు, నులిపురుగుల గుడ్లు ఈ క్రిముల కన్నా ఎక్కువ కాలం బతుకుతాయి. చట్టం కూడా మీ పక్షానే ఉంది: తీర ప్రాంత క్రమబద్ధీకరణ ప్రకటనలు 1991లోనూ, 2011లోనూ, 2019లోనూ మూడుసార్లు వెలువడ్డాయి గానీ, ఊళ్ల నుంచి వచ్చే శుద్ధి చేయని మురుగును సముద్రంలోకి వదలరాదన్న నిషేధాన్ని ఏ ప్రకటనా తీసివేయలేదు.

ఇక దారి సంగతి. మీరు ఒకటే సమస్యగా చెప్పినవి నిజానికి రెండు. కాలువల్లో పారే వాడుక నీరు ఒకటి, వరల్లో నిండే మలపు బురద రెండవది. వీటిని కలిపితే రెండూ పాడవుతాయి, విడివిడిగా చూస్తే రెండూ మీ చేతిలోని పనులే.

ముందుగా వరలు, ఎందుకంటే మీ దొరువులను పాడుచేసినవి అవే. ఇసుక మంచి వడపోత సాధనమే, అయితే ఇసుక రేణువుల మధ్య గాలి ఉన్నంతవరకే. మురుగు పొడి ఇసుకలోంచి నెమ్మదిగా దిగేటప్పుడు అక్కడి సూక్ష్మజీవులు దానిని తినివేస్తాయి. నీటిలో మునిగిన ఇసుకలో ఆ పని జరగదు, క్రిములు నీటితో పాటే దూరం ప్రయాణిస్తాయి. అందుకే గుంట అడుగుకు, భూగర్భ జలానికి మధ్య కనీసం 2 మీటర్ల పొడి నేల ఉండాలని, తాగునీటి వనరుకు 10 మీటర్ల దూరం పాటించాలని నియమం పెట్టారు. మీరు నీరు తగిలేదాకా తవ్వి వరలు దించడం వల్ల మలాన్ని నేరుగా దొరువులోనే కలిపినట్లయింది. దొరువు అంటే ఏమిటో చదివేవారందరికీ తెలియకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను: సముద్రం పక్కనే ఉన్నా ఇసుక కింద ఉప్పునీటి మీద వాన నీరు పలుచని పొరగా తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిస్తే, దాని కింద దాదాపు 40 అడుగుల మంచినీరు ఉప్పునీటిని నొక్కి పట్టి ఉంటుంది. ఇసుకలో లోతు తక్కువ గుంట తవ్వి ఆ పై నీటిని మాత్రమే తోడుకునే మన తీరపు పద్ధతే దొరువు. ఆ పొర పాడైతే దానికి బదులు మరొకటి లేదు. పసుపు రంగు కంటికి కనిపిస్తున్నది మాత్రమే, కనిపించని నైట్రేటును కూడా పరీక్ష చేయించండి. తాగునీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. క్లోరిన్ వేసినా అది పోదు, కాచితే నీరు ఆవిరై మరింత చిక్కబడుతుంది.

దొరువులకు దగ్గరగా ఉన్న ఇళ్లతో మొదలుపెట్టి, పాత వరలకు బదులు నేల మట్టానికి పైకి లేపి కట్టిన జంట గుంటల మరుగుదొడ్లు వేయించండి. నీరు పైకి ఉండే చోట గుంట అడుగును మూసివేసి, చుట్టూ 50 సెంటీమీటర్ల మందాన సన్న ఇసుకను కవచంలా నింపాలి. ఒక గుంట నిండాక రెండవదానికి మళ్లించి, మొదటిదాన్ని రెండేళ్లు కదపకుండా ఉంచితే లోపలిది వాసన లేని ఎరువుగా మారుతుంది. ఇళ్లు మరీ ఒత్తుగా ఉన్న వీధుల్లో దీనికి చోటు దొరకదు. అక్కడ అడుగు, గోడలు నీరు కారకుండా కట్టిన సెప్టిక్ ట్యాంకులే శరణ్యం, వాటి నుంచి పొంగే నీటిని మాత్రం సన్న పైపుల ద్వారా కింద చెప్పే చెరువులకు చేర్చాలి.

కాలువల నీటికి లెక్క ఇలా వేసుకోవచ్చు. కుళాయి పథకం ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు అనుకుంటే 2,400 మందికి 1,32,000 లీటర్లు, అందులో 80 శాతం తిరిగి మురుగుగా వస్తుందనుకుంటే సుమారు 1,05,000 లీటర్లు. దీనికి నిరంతరం కరెంటు కావలసిన యంత్రాల ప్లాంటు మీ ఊరికి వద్దు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మన తీరంలో కరెంటు ఎలా పోయిందో గుర్తు తెచ్చుకోండి. గాలి అందకపోతే అలాంటి ప్లాంటులోని సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. మీకు తగినవి వరుసగా కట్టే మూడు చెరువులు. మొదటిది లోతైనది, అందులో మడ్డి దిగుతుంది. రెండవదానిలో పాచి మొక్కలు ఎండను తీసుకుని ఆమ్లజనిని ఇస్తే, బ్యాక్టీరియా ఆ ఆమ్లజనితో మురికిని తింటుంది. మూడవది మీటరు లోతే ఉండాలి, ఎండ అడుగు దాకా దిగి క్రిములను చంపడానికి. మన ఎండలకు గట్లతో సహా ఎకరం లోపే సరిపోతుంది. ఇసుక నేల కాబట్టి అడుగున బంకమట్టి గానీ, రొయ్యల గుంటల్లో పరిచే మందపు షీటు గానీ తప్పనిసరిగా వేయాలి, లేకపోతే మళ్లీ దొరువుల కథే. చివరి చెరువు నీరు సరుగుడు తోటకు పారించండి. సముద్రానికి ఒక్క చుక్క కూడా వెళ్లనక్కరలేదు.

నిధుల విషయం: 2020లో మొదలైన స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ్ రెండో దశ మార్గదర్శకాల్లో వాడుక నీటి నిర్వహణకు 5,000 లోపు జనాభా ఉన్న గ్రామానికి తలకు 280 రూపాయల వరకు ఇచ్చారు. మీ లెక్కన 6,72,000 రూపాయలు. అందులో 70 శాతం మిషన్ నుంచి, 30 శాతం పదిహేనవ ఆర్థిక సంఘం నిధుల నుంచి పెట్టుకోవాలన్నది ఏర్పాటు. ఇప్పుడు ఏది అమలులో ఉందో మండల పరిషత్ కార్యాలయంలో అడిగి, ఉపాధి హామీ కింద తవ్వకం పని కలుస్తుందేమో కూడా చూడండి. స్థలం పైన చెప్పిన తీర ప్రాంత క్రమబద్ధీకరణ ప్రకటన పరిధిలో పడితే అనుమతి ముందుగానే తీసుకోవాలి.

జవాబు 2: ఓడరేవు ఉద్యోగి, కృష్ణపట్నం వైపు

ఇంజినీరు గారితో పూర్తిగా విభేదించడం లేదు గానీ, ముంబయి వంటి నగరాలు పైపుల ద్వారానే సముద్రంలోకి వదులుతున్నాయి కదా. పైపును ఇంకా లోపలికి తీసుకువెళితే ఈ సమస్య ఉండదేమో ఆలోచించండి.

జవాబు 3: విశ్రాంత ప్రజారోగ్య ఇంజినీరు, ఒంగోలు

ముంబయిలో వర్లీ, బాంద్రా దగ్గర వేసిన సొరంగాలు ఒక్కొక్కటి 3 కిలోమీటర్లకు పైగా సముద్రం అడుగున వెళతాయి, చివర అనేక రంధ్రాల ద్వారా నీరు చెదిరి కలిసేలా కట్టారు. ఆ ఖర్చు ఒక పంచాయతీది కాదు, ఒక జిల్లాది కూడా కాదు. అయినా ఇంత పొడవున వేసినవారు కూడా ముందు కొంత శుద్ధి చేయక తప్పదు. 2,400 మంది ఊరికి ఆ పోలిక వర్తించదు.

జవాబు 4: రొయ్యల రైతు, నెల్లూరు జిల్లా

వార్డు సభ్యుడు గారూ, నేను కాలువకు ఇవతలి గట్టున 3 హెక్టార్లలో వనామీ రొయ్యల సాగు చేస్తున్నాను. మీ ఊరి మురుగు గురించి మాట్లాడే ముందు మా గుంటల మురుగు గురించి ఒప్పుకోవడం న్యాయం. మేము వేసే మేతలోని నత్రజనిలో రొయ్య ఒంటికి పట్టేది పావు వంతు నుంచి మూడో వంతు మాత్రమే. మిగిలినదంతా నీటిలోనూ అడుగు బురదలోనూ ఉండిపోయి, పట్టుబడి రోజున, అంటే రొయ్యలు పట్టే రోజున, మురుగు కాలువలోకి, అక్కడి నుంచి ఉప్పుటేటికి వెళుతుంది. 1994లో తెల్లమచ్చ తెగులు మన జిల్లాను ఊడ్చివేసినప్పుడు మా నాన్నగారి గుంటలు కూడా పోయాయి. ఒకరు వదిలిన నీటినే పక్కవారు తోడుకోవడం వల్ల తెగులు గుంట నుంచి గుంటకు నడిచి వెళ్లింది. ఆ నష్టం చూసిన తరువాత కూడా మేము పూర్తిగా నేర్చుకున్నామని చెప్పలేను. 1996 డిసెంబరు 11న తీరంలోని రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, అప్పటి నియమాల్లో 5 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు మురుగు శుద్ధి గుంట తప్పనిసరి అన్నారు. మన దగ్గర ఎక్కువ మందివి అంతకన్నా చిన్న కమతాలు. అందువల్ల ఎవరికి వారు మాకు వర్తించదని ఊరుకుంటే, అందరం కలిసి వదిలే నీరు మాత్రం చాలా పెద్దదవుతుంది.

మా వైపు పది మంది రైతులం కలిసి రెండేళ్లుగా ఒక గుంటను ఖాళీగా ఉంచి, పట్టుబడి నీటిని ముందు అందులో నిలిపి, మడ్డి దిగాక వదులుతున్నాం. ఆ గుంటలో కొన్ని బొంత చేపలు కూడా పెరుగుతున్నాయి. నీరు వదిలే కాలువలో వాసన బాగా తగ్గింది.

మీకు ఉపయోగపడే సంగతి ఒకటి ఉంది. తీరం వెంట రొయ్యలు సాగక వదిలేసిన గుంటలు చాలా ఉన్నాయి. గట్లు, తూములు అప్పటికే ఉంటాయి, షీటు పరిచే పనివారు మన ఊళ్లలోనే దొరుకుతారు. ఇంజినీరు గారు చెప్పిన మూడు చెరువులకు కొత్త నేల తవ్వే బదులు అలాంటి గుంటలను అడగండి. అయితే అవి మీ దొరువులకు పల్లంలో ఉండాలి, మెరకలో ఉండకూడదు. రొయ్యల గుంటకు వాడే మందులు, బ్లీచింగు ఈ చెరువుల్లో ఎవరూ వేయకుండా చూసుకోవాలి. పాచి చచ్చిపోతే చెరువు కుళ్లిపోతుంది.

జవాబు 5: మహిళా సంఘం సభ్యురాలు, కొత్తపట్నం తీరం, ప్రకాశం జిల్లా

అయ్యా, నేను చెబుతుంటే మా అమ్మాయి టైపు చేస్తోంది. మాది కూడా సముద్రం ఒడ్డు పల్లెనే. మా పక్కన ఒక కాలువ నేరుగా ఇసుక మీదుగా సముద్రంలోకి పోతుంది, దాన్ని ఎవరూ పైపు అనలేదు గానీ పని అదే. మా మగవాళ్లు అలివి వల లాగేటప్పుడు నడుము లోతు నీళ్లలో గంటల తరబడి నిలబడతారు. వానాకాలం వస్తే వాళ్ల కాళ్లకు దురద, పుండ్లు. ఆ కాలువ మూతికి దగ్గరలో వల వేస్తే నల్లటి మడ్డి, ప్లాస్టిక్ సంచులు వస్తాయని ఇప్పుడు దూరంగా వెళుతున్నారు. నెత్తళ్లు ఎండబెట్టుకునే చోటు మేము రెండుసార్లు మార్చుకున్నాం, ఎందుకంటే పెద్ద కెరటం వచ్చిన రోజున ఆ నీరు వెనక్కి తన్ని మా ఇసుక మీదికి వస్తుంది. ఎండు చేపలు కొనేవాళ్లు వాసన చూసి ధర చెబుతారు. ఆ మాట మీ సభలో చెప్పండి. గంగమ్మకు మొక్కి వేటకు వెళ్లేవాళ్లం మనం, ఆ తల్లి ఒడిలోకే మురుగు వదలడం తప్పు అని కూడా చెప్పండి.

చెరువులు కట్టడం ఒక ఎత్తు, వాటిని చూసుకోవడం ఒక ఎత్తు. మా పల్లెలో కట్టిన ఇంకుడు గుంతలు ఆరు నెలలకే జిడ్డుతో మూసుకుపోయాయి, ఎందుకంటే మా ఇళ్ల నుంచి పోయేది మామూలు వంట నీరు కాదు, చేపలు కడిగిన నీరు. నెత్తురు, పొలుసు, కొవ్వు అన్నీ అందులో ఉంటాయి. చేపలు కడిగే చోట జాలీ, దాని పక్కన జిడ్డు నిలిచే చిన్న తొట్టి తప్పకుండా కట్టించండి. మా సంఘం తరపున వీధికి ఇద్దరం వంతులు వేసుకుని ప్రతి ఆదివారం ఆ జిడ్డు తీసి కొబ్బరి చెట్ల మొదళ్లలో పూడుస్తున్నాం. ఇంటికి నెలకు 20 రూపాయలు వసూలు చేసి, వంతు చేసినవాళ్లకు ఇస్తున్నాం. డబ్బు తక్కువే గానీ ఇచ్చే పద్ధతి ఉన్నందువల్ల పని ఆగలేదు. ఇంకొక మాట, వరలు తోడించేటప్పుడు ఎవరినీ లోపలికి దిగనివ్వకండి. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం దాన్ని నేరంగా చేసింది, ఆ గాలికి మనిషి నిమిషాల్లో పోతాడు.

జవాబు 6: వార్డు సభ్యుడు, నెల్లూరు జిల్లా

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పైపు ప్రతిపాదనను గ్రామసభ దాకా ఆపాలని సర్పంచి గారిని కోరాను, ఆయన ఒప్పుకున్నారు. కొత్తపట్నం అమ్మ గారు చెప్పిన మాటను మా పెద్దలకు చదివి వినిపించాను. అంకెలు చెప్పినప్పుడు ఊరుకున్నవారు, అలివి వల మాట వచ్చేసరికి మాట్లాడడం మొదలుపెట్టారు. మాకు ఉత్తరాన ఉన్న పాలెం పెద్దలను కూడా సభకు పిలవాలని వాళ్లే అన్నారు.

ఊరికి పడమర, కాలువ వైపు పల్లంలో వదిలేసిన రొయ్యల గుంటలు రెండు ఉన్నాయి. యజమాని లీజుకు ఇవ్వడానికి సుముఖంగా ఉన్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది, ఆ 61 రోజులు మగవాళ్లందరూ ఊరిలోనే ఉంటారు కాబట్టి గట్ల పని అప్పుడు పెట్టుకుందామని అనుకుంటున్నాం. మొన్న మూడు చోట్ల గుంటలు తవ్వి చూస్తే ఆరు అడుగులకు నీరు తగిలింది. దీనిని బట్టి జంట గుంటలను ఎంత ఎత్తు లేపాలో చెప్పగలరా? అలాగే ట్యాంకరు తోడిన బురదను ఏం చేయాలో కూడా తెలియజేయండి.

జవాబు 7: విశ్రాంత ప్రజారోగ్య ఇంజినీరు, ఒంగోలు

ఈ ఎండాకాలపు ఆరు అడుగులను నమ్మకండి. నెల్లూరుకు ప్రధాన వర్షాలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి, అప్పుడు మీ దిబ్బల్లో నీరు రెండు మూడు అడుగులకే వస్తుంది. పాత దొరువుల గోడల మీద వానాకాలపు నీటి గుర్తులు ఉంటాయి, వాటి నుంచి కొలత తీసుకుని, గుంట అడుగు ఆ గుర్తుకు పైన ఉండేలా లేపండి. మీరు తవ్విన మూడు గుంటలను పూడ్చకండి. ఒక్కొక్కదానిలో రంధ్రాలు పెట్టిన పైపు నిలబెట్టి, మూత వేసి, నవంబరు నెలాఖరులో మళ్లీ కొలవండి.

బురద సంగతి: 600 ఇళ్లలో ఒక్కొక్కటి మూడేళ్లకు ఒకసారి తోడితే ఏడాదికి 200 ట్యాంకర్లు, అంటే రెండు రోజులకు ఒకటి. పరిమాణం చిన్నది, చిక్కదనం మాత్రం కాలువ నీటికి ఎన్నో రెట్లు, కాబట్టి దాన్ని మీ చెరువుల్లో అసలు పోయకండి. ఇసుక, కంకర పొరలు పరిచి, పైన జమ్ము నాటిన ఎండబెట్టే మళ్లు కట్టుకోవాలి. కర్ణాటకలోని దేవనహళ్లిలో 2015 నుంచి, మన రాష్ట్రంలో నరసాపురంలోనూ మలపు బురదకు ప్రత్యేక శుద్ధి కేంద్రాలు నడిచాయి. మీ ఒక్క ఊరికి కాకుండా ఉత్తరపు పాలెంతో కలిపి ఒకటి కట్టుకుంటే ట్యాంకరు దూరం తగ్గుతుంది, ఖర్చు పంచుకోవచ్చు. వానాకాలంలో మళ్ల మీదికి నీరు రాకుండా రేకుల కప్పు వేయండి, గట్టును ఊరిలోని తుపాను నీటి గుర్తు కన్నా ఒక అడుగు ఎత్తున కట్టండి. ఎండిన బురదను ఏడాది పాటు నీడన నిల్వ చేసిన తరువాతే సరుగుడు తోటకు వేయాలి, ఆకుకూరల మడులకు వేయకూడదు. గ్రామసభ తేదీ ఖరారైతే తెలపండి, ఒంగోలు నుంచి రావడానికి నాకు అభ్యంతరం లేదు, కొలతల టేపు, లెవెలు గొట్టం నేనే తెస్తాను.